దీపావళి మరునాటి వీధి

తిరుత్తంగల్, శివకాశి పరిసరాలలో అనేక కుటుంబాలకు బాణసంచా పరిశ్రమే జీవనాధారం. కావున పండుగను మానుకోవలసిన పని లేదు. హానిని తగ్గించుకుంటే చాలు. 2018లో సుప్రీంకోర్టు ఆదేశించినట్లు, తక్కువ పొగ వెలువరించే హరిత బాణసంచానే కొనాలి. రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన వేళల్లోనే కాల్చాలి. పేలని టపాసులను నీటిలో నానబెట్టి, విడిగా కట్టి, విషయం చెప్పి పారిశుద్ధ్య కార్మికులకు అప్పగించాలి. చెత్తలో కలిపితే ప్రమాదం వారి చేతులకే. కాగితపు చెత్తను తగులబెట్టరాదు; అందులో పేలనివి మిగిలి ఉండవచ్చు. దీపావళి ఈశాన్య ఋతుపవనాల వేళ వస్తుంది. ఊడ్చని కాగితం వాననీటితో మురుగుకాలువలను పూడుస్తుంది. ప్లాస్టిక్ సంచులు 2019 జనవరి 1 నుండి తమిళనాట నిషిద్ధం. అంగడికి గుడ్డసంచి, విందుకు అరటియాకు ఏడాది పొడవునా శ్రేయస్కరం.