తలా ఒక రూపాయి

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట చిన్న పల్లె. సారా వ్యతిరేక ఉద్యమం పేరెత్తితే మొదట గుర్తొచ్చే ఊరు అదే. అయితే అక్కడి ఆడవాళ్లకు తెగింపు ఒక్కరోజులో రాలేదు. మగవాళ్ల కూలి డబ్బు పొద్దుగూకేసరికి సారా కొట్టులో జమ అయ్యేది, రాత్రికి ఇంట్లో తిట్లు, దెబ్బలు. ఎవరికి వారు దాన్ని తమ ఖర్మ అనుకున్నంతకాలం నోరెత్తలేదు. పైగా కొట్టు వెనక ప్రభుత్వమే ఉంది. 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి అమ్మించారు. జేబులో పట్టే ప్యాకెట్ కావడంతో తాగుడు కొట్టు దాటి ఇంటిదాకా వచ్చింది. ఏటా జరిగే వేలం పాటలతో ఖజానాకు కోట్లు వచ్చిపడేవి.

1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికెళ్లిన ఆడవాళ్లు రాత్రి దీపం ముందు పలకలు పట్టి కూర్చునేవారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది, తాగుడుతో కుదేలైన సంసారం గురించి. అది చదివాక మాటలు అక్షరాల దగ్గర ఆగలేదు. పక్కింటి గోడు తన గోడేనని అప్పుడే తెలిసింది. చదువు చెప్పించిందీ, సారా అమ్మించిందీ ఒకే ప్రభుత్వం కావడం ఇందులోని వింత.

తర్వాత దూబగుంటలో జరిగింది మలి వాచకంలో పాఠంగా వచ్చింది. ఆడవాళ్లు ముందు సర్పంచి దగ్గరికి వెళ్లారు, పని కాలేదు. సుమారు వందమంది కలిసి ఊళ్లోకి వస్తున్న కల్లు బండిని ఆపారు. కల్లు పారబోయమన్నారు, నష్టపోతే తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తామన్నారు. ఆ మాటలో దౌర్జన్యం లేదు, బెరుకూ లేదు. బండివాడు హడలిపోయాడు. సారా ప్యాకెట్ల జీపు వచ్చినప్పుడు చుట్టుముట్టి, కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామన్నారు. కొట్టు మూతపడింది. ఈ పోరాటంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మగా నిలిచిపోయింది.

ఆ పాఠం చదివిన ఊళ్లలో ‘మనమెందుకు చేయలేం’ అన్న ప్రశ్న లేచింది. నాయకులు పిలుపివ్వకుండానే 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని కొట్ల ముందు కాపు కాశారు, ప్యాకెట్లు తగలబెట్టారు. నెల్లూరులో సారా వేలం పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. రచయితలు, పార్టీలు, సంఘాలు ఆ తర్వాతే తోడయ్యాయి.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. దొంగసారా, పక్క రాష్ట్రాల సరుకు, ఖజానా లోటు కలిసి రెండేళ్లకే దాన్ని నీరుగార్చాయి. 1997లో విదేశీ మద్యం దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు మొదట పట్టుబట్టిన సారా మీద నిషేధాన్ని మాత్రం అప్పుడు ఎత్తివేయలేదు.