బొంతయు దేహారోగ్యమును

దీపావళి వెళ్లి చలి ముదిరినంతనే పెట్టెల యడుగున నున్న పాతచీరలు జ్ఞప్తికి వచ్చుట మన యిండ్లలో నెన్నాళ్లనుండియో యున్న వాడుక. అంగళ్లలో ఉన్ని కంబళ్లును, యంత్రముపై కుట్టిన రజాయిలును ఎన్ని యున్నను, అమ్మ కట్టి విడిచిన నేతచీరలతో కుట్టిన బొంతలోని మెత్తదనము వానికి లేదని చెప్పని యిల్లాలుండదు. అట్టి బొంతను గూర్చియు, దానిని కుట్టుచు మా దేహమును గూర్చి మేము నేర్చుకొన్న పాఠమును గూర్చియు సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా అమ్మ బొంతలు కుట్టుటలో నేర్పరి. మధ్యాహ్నభోజనములై, వంటిల్లు సర్దుకొన్న పిమ్మట వసారాలో చాప పరచుకొని కూర్చుండెడిది. ఆ వసారాలోనే మా తాతగారు మాచేత భాగవతము చదివించెడివారు. మాకు ఒక చెవి పద్యమునందు, ఒక కన్ను సూది బెజ్జమునందు ఉండెడిది. అమ్మకు దారమెక్కించి యిచ్చుట మా పని. ఆమె సాయంకాలము దీపము పెట్టు వేళవరకు ఒక్కసారియైనను లేవకుండ కుట్టెడిది. చూచినవారందరు ఆమె ఓర్పును మెచ్చుకొనెడివారు, మేమును మెచ్చుకొంటిమి. కదలక కూర్చుండుట దేహమునకు చేటని ఆనాడు మాలో నెవరికిని తోచలేదు.

అమ్మకు నలువదియవ యేట మధుమేహము వచ్చెను. మాత్రలు వేసికొనెడిది గాని, నడువుమని వైద్యులు చెప్పిన మాటను ఎన్నడును లక్ష్యపెట్టలేదు. “ఇంటిచాకిరీ చాలదా?” అనెడిది. ఏడేండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము వసారాలోనుండి వంటింటివరకు నేలపై చిన్న చిన్న రక్తపుచుక్కలు కనబడినవి. వెదకి చూడగా అమ్మ మడమలో కుట్టుసూది సగమువరకు దిగియుండెను. ఆమెకు ఆ సంగతియే తెలియదు! సూదిని తీయునప్పుడును “నొప్పి లేదే” అని నవ్వెను. నొప్పి లేదు గదా యని మేమందరము సంతోషించితిమి. మా పొరబాటు అచ్చటనే యున్నది.

రక్తములో చక్కెర చిరకాలము హెచ్చుగా నున్నచో పాదములలోని నరములు చెడి స్పర్శ నశించునని మాకు పిమ్మట తెలిసినది. నొప్పి దేహమునకు కావలివాడు వంటిది. కావలివాడు నిద్రించిన యింట దొంగ నిర్భయముగా తిరుగును. పాదములకు రక్తప్రసారము కూడ తగ్గుటచే పుండు మానదు. అమ్మ పుండు మానలేదు. మొదట వ్రేలు, తరువాత పాదము తీసివేయవలసి వచ్చెను. మరుసటి యేడు ఆమెయే పోయినది. ఆమె పెట్టెలో ఉతికి మడిచిన చీరలును, సగము కుట్టిన బొంతయొకటియు, సూదుల డబ్బాయును మా పాలికి వచ్చినవి. ఆ పెట్టెను తెరచుటకు చాలకాలము మాకు చేతులాడలేదు.

క్రిందటి యేడు దీపావళికి ముందు మాకు తరచు నీరసము కలుగుచుండగా మా యింటివారు పట్టుపట్టి రక్తపరీక్ష చేయించిరి. ఉదయము ఏమియు తినకమునుపు తీసిన రక్తములో డెసిలీటరునకు 118 మిల్లీగ్రాముల చక్కెర కనబడెను. అది నూరులోపల నుండవలెను. 126 గాని, అంతకు మించి గాని యున్నట్లు మరల పరీక్షించినప్పుడును తేలినచో మధుమేహమే. “మీరు ఇంకను వాకిటిలోనే యున్నారు, లోపలికి పోలేదు. తల్లికి ఉన్నది గనుక జాగ్రత్తపడవలెను” అని వైద్యురాలు చెప్పెను. మాకప్పుడు ముప్పదియారేండ్లు. ఇంటికి వచ్చి ఆనాడే అమ్మ పెట్టెను తెరచితిమి.

చాప వేసికొని గంటసేపు కూర్చుండి చీరలను విడదీసితిమి. లేవబోగా మోకాళ్లు పట్టివేసినవి. ఒక చేయి నేలపై ఆనించి, రెండవ చేత గుమ్మము పట్టుకొని లేచితిమి. పదేండ్ల మా అమ్మాయి చూచి, “అమ్మా! నువ్వు నాయనమ్మకన్నా మెల్లగా లేస్తున్నావే!” అని పకపక నవ్వెను. పిల్ల పరిహాసమునకే అన్నను, ఆ మాట మా మనసున గ్రుచ్చుకొన్నది. సంక్రాంతినాటికి బొంత పూర్తి చేయవలెననియు, ఆ లోపల నేలమీదినుండి చేయి ఆనింపక లేవగలుగవలెననియు ఆ రాత్రి రెండు నియమములు పెట్టుకొంటిమి.

మా యిరుగుపొరుగు పెద్దలలో కొందరు, “మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ వ్యాయామము చేసిరి? తిరుగలి విసరి, రోకటితో దంచి, నూతిలో నీరు తోడి నూరేండ్లు బ్రతికిరి గదా!” అనిరి. ఈ మాట వినుటకు ఇంపుగా నుండును. కాని మా నాయనమ్మ యేబదియేండ్లకే నడుము వంగినది. ఆమె నాలుగవ జామున లేచి, అందరును భుజించిన పిమ్మట మిగిలినది తిని, పండుకొనువరకు వంగియే యుండెడిది. నూరేండ్లు బ్రతికినవారిని తలచుకొందుము గాని, నడుము విరిగినవారిని మరతుము.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయములోని దినచర్యాధ్యాయమున వ్యాయామమును గూర్చి చెప్పుచు, దానివలన శరీరము తేలికపడుననియు, పనిచేయు శక్తియు జఠరాగ్నియు హెచ్చుననియు, కొవ్వు కరగుననియు పేర్కొనెను. అయితే అచ్చటనే మూడు షరతులు కలవు. చేయువారు బలము గలవారై యుండవలెను. నేయి మొదలగు స్నిగ్ధమైన ఆహారము తినువారై యుండవలెను. శక్తిలో సగము మాత్రమే వెచ్చింపవలెను. చలికాలమును వసంతమును దానికి తగిన ఋతువులు. మితిమీరినచో దప్పి, ఆయాసము, క్షయము, జ్వరము కలుగునని హెచ్చరికయు చేసెను. చాలీచాలని తిండితో శక్తికి మించి మా నాయనమ్మ చేసినది చాకిరీయే గాని వ్యాయామము కాదు. ఇంటిపని యెంత యున్నను, ఒకే తీరున వంగి చేయు శ్రమ వేరు, దేహమును దృఢపరచుకొనుటకు మితముగా చేయు శ్రమ వేరు.

నేటి వైద్యశాస్త్రమును దీనికి దూరముగా లేదు. పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు ఒక మోస్తరు శ్రమ చేయవలెననియు, వారమున రెండు దినములకు తక్కువ కాకుండ కండరములకు బలమిచ్చు పనులు చేయవలెననియు, కూర్చుండు కాలమును తగ్గించుకొనవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. చెన్నపట్టణపు వైద్యులు మధుమేహపు వాకిటిలో నున్న 531 మందిని సుమారు రెండున్నర యేండ్లు పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించిరి. సామాన్యమైన సలహాతో విడిచినవారికంటె, నడకయు ఆహారనియమమును శ్రద్ధగా బోధింపబడినవారిలో మధుమేహము సోకుట 28.5 శాతము తగ్గినది. ఇది చదివిన పిమ్మట మాకు ధైర్యము కలిగినది.

ఇక బొంత సంగతి. పాతచీర పన్నెండు మూరలుండును. ఒక చీరను మూడు మడతలు పెట్టినచో నాలుగు మూరల పొడవున, రెండున్నర మూరల వెడల్పున మూడు పొరలేర్పడును. ఇది లోపలి మెత్త. రెండవ చీరను మూడు తునుకలుగా చేసి, ఒకటి పైకి, ఒకటి అడుగునకు వేయవలెను. మూడవది అంచుపట్టీలకును అతుకులకును పనికివచ్చును. ఇట్లు రెండు చీరలతో అయిదు పొరల బొంత యగును. చీరలను ముందుగా వేడినీట ఉడికించి గంజి పోవునట్లు ఉతికి ఎండబెట్టవలెను. చాపపై పరచి, నడుమనుండి అంచులవైపునకు చేతితో సాపుచేయుచు పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేయవలెను. అంచులనుండి మొదలిడినచో గుడ్డ నడుమ చేరి ఉబ్బును. పిమ్మట వ్రేలెడు ఎడముతో వరుసలు కుట్టుకొనిపోవలెను. దారమునకు మైనము పట్టించినచో చిక్కుపడదు. మూరన్నరకు మించి దారము తీసికొనరాదు.

ఈ మూరన్నర దారమే మాకు ఉపాయమును చూపినది. దారమొకటి అయిపోయినప్పుడెల్ల లేచి నిలువవలెనని నియమము పెట్టుకొంటిమి. బొంతకు అరువదికి పైగా వరుసలు. వరుసకు మూడేసి దారములు. అనగా బొంత పూర్తియగుసరికి ఇంచుమించు నూటతొంబది మారులు నేలనుండి లేవవలెను! మొదట గుమ్మము పట్టుకొని, పిదప రెండు చేతులు ఆనించి, ఆపై ఒక చేతితో లేచితిమి. దినమునకు మూడు దారములకు మించి కుట్టలేదు. లేచిన ప్రతిమారును పెరటిగుమ్మమువరకు పోయి వచ్చి గాని మరల కూర్చుండలేదు.

ఇదిగాక సాయంకాలము అరగంట చెరువుగట్టుపై నడక సాగించితిమి. ఎంత వేగముగా నడువవలెనను సందేహమునకు సులువైన గురుతొకటి కలదు: నడుచుచు మాటలాడగలుగవలెను గాని, పద్యమును రాగమెత్తి పాడలేకుండవలెను. అది మోస్తరు శ్రమ. మొదటి దినము రెండు పాదములైన చదువకముందే ఊపిరి ఎగబ్రాకినది. అంతట శ్రమ మించినదని అడుగు తగ్గించితిమి.

ఆటంకములు లేకపోలేదు. “సంధ్యవేళ ఇల్లు విడిచి ఎక్కడికమ్మా?” అని గట్టుమీద అడిగినవారు కలరు. అందులకు మా అత్తగారే, “దాని తల్లి కాలు పోయిన సంగతి మీకు తెలియదా? నడవనీయండి” అని బదులిచ్చిరి. మూడవ వారమునుండి ఆమెయు ఇంటిలో కుర్చీనుండి చేతులానింపక పదిమారులు లేచి కూర్చుండుట మొదలిడిరి. సాయంకాలపు కాఫీ మా యింటివారు తామే కలుపుకొనసాగిరి. మొదటి వారము చక్కెర వేయ మరచిరి. అదియును మేలే ఆయెను. ధనుర్మాసములో మాకు జ్వరము వచ్చి పదిదినములు బొంతయు నడకయు రెండును ఆగినవి. ఇక సాగదని దిగులుపడితిమి. కాని బొంతయందు విడిచిన వరుస విడిచిన చోటనే యుండును, కుట్టినది ఊడిపోదు. దేహమును ఇంచుమించు అంతే. మరల ఒక్క దారముతో ప్రారంభించితిమి.

భోగినాటి రాత్రి అంచుపట్టీ కుట్టి ముగించి, చేతులు ఒడిలోనే యుంచుకొని లేచితిమి. కొంచెము తూలితిమి గాని నేలను ముట్టుకొనలేదు. మా అమ్మాయి చప్పట్లు కొట్టినది. మాఘమాసమున మరల పరీక్ష చేయింపగా 118 ఉన్న లెక్క 104 ఆయెను. ఇంకను నూరులోపలికి రాలేదు. నడకను విడిచినచో తిరిగి ఎక్కవచ్చునని వైద్యురాలు చెప్పినది. కావున మేము గెలిచితిమని చెప్పము. వాకిటనే నిలిచియున్నామని మాత్రము చెప్పగలము.

సోదరీమణులకు మా మనవి యిది. మధుమేహము గలవారు వట్టి కాళ్లతో నడువరాదు. రాత్రి పండుకొనుటకు ముందు అరికాళ్లను, వ్రేళ్లసందులను చూచుకొనవలెను. వంగి చూడలేనివారు అద్దము సాయమున గాని, ఇంటివారిచేత గాని చూపించుకొనవలెను. నొప్పి లేని పుండును నొప్పి గలదానికంటె ఎక్కువగా లక్ష్యపెట్టవలెను. మోకాళ్ల నొప్పులు గలవారు నేలపై గాక కుర్చీనుండి లేచుట అభ్యసింపవచ్చును. గుండెజబ్బు గలవారు, మందులు వాడువారు వైద్యుని అడిగి మొదలిడవలెను.

అమ్మ సగము కుట్టి విడిచిన బొంతను ఈ యేడు చేత పట్టితిమి. ఆమె కుట్లు ఎచ్చట ముగిసినవో, మావి ఎచ్చట మొదలైనవో చూచినవారికి తెలియును. ఆమెవి మాకంటె సన్నములు. ఆమె డబ్బాలో అయిదు సూదులున్నవి. కుట్టుపని ముగిసిన పిమ్మట మా అమ్మాయి వానిని బయటికే లెక్కపెట్టి డబ్బాలో పెట్టును. అయిదును లెక్కకు వచ్చిన పిదపనే మేము చాపపైనుండి లేతుము.