జన్యువుల తాళాలకూ తుప్పే!

వానలో వదిలేసిన గునపానికి నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది. మన కణాల్లోని డీఎన్ఏకీ దాదాపు అలాంటి తుప్పే పడుతుంటుంది. తిన్నదాన్ని ఆక్సిజన్ సాయంతో శక్తిగా మార్చుకునేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్సే అందుకు కారణం. పొగాకూ కాలుష్యమూ తోడైతే ఇక చెప్పేదేముంది!

ఈ తుప్పు డీఎన్ఏ అక్షరాలను చెడగొడుతుంది. కణం ఎప్పటికప్పుడు వాటిని బాగుచేసుకుంటుంది. ఆ మరమ్మతు గుట్టు విప్పినందుకే థామస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంకార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అయితే నష్టం అక్షరాలతోనే ఆగదు. జన్యువులకు వేసిన తాళాలూ తారుమారవుతాయి.

తాళాలేమిటంటారా? కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉండే జన్యువులు ఒకటే. కానీ ఏ కణానికాకణం తనకు అక్కర్లేని జన్యువుల నోరు మూయించేస్తుంది. అందుకు వాడే పద్ధతుల్లో ముఖ్యమైంది డీఎన్ఏ మిథైలేషన్. అంటే, 'సి' అనే డీఎన్ఏ అక్షరానికి ఓ చిన్న మిథైల్ ముక్కను తగిలించడమన్నమాట. ఈ తాళం ఎక్కువగా, వెంటనే 'జి' అక్షరం ఉన్న 'సి'కే పడుతుంది. చిక్కంతా అక్కడే. నాలుగు అక్షరాల్లోకీ తేలిగ్గా తుప్పుపట్టేది ఆ 'జి'నే!

పక్కనున్న 'జి' చెడితే, 'సి'కి తాళం వేసే ఎంజైము సరిగా పనిచేయలేదని 1994లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. అప్పుడు నిద్రపోవాల్సిన జన్యువు మేల్కొనవచ్చు. 2011లో జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రవేత్తలు ఇంకో కోణం చూపారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దెబ్బతిన్న కణాల్లో, తాళాలు వేసే ఎంజైములు తెరిచి ఉండాల్సిన జన్యువుల గుమ్మంలోకి చేరుతున్నాయట. కణితులను అడ్డుకునే జన్యువుకే తాళం పడితే? కణం రెండుగా విడిపోయినప్పుడు ఆ తాళమూ నకలవుతుంది. క్యాన్సర్‌కు దారి అలా కూడా పడవచ్చు.

ఓ ఊరట మాత్రం ఉంది. అక్షరం ఒకసారి శాశ్వతంగా మారిపోతే మళ్లీ వెనక్కి రావడం కష్టం. తాళాన్ని మాత్రం తీయొచ్చు, మళ్లీ వేయొచ్చు. పొగ తాగేవారి రక్తకణాల్లో వేలచోట్ల మిథైలేషన్ తేడాగా ఉంటుంది. దాదాపు 16 వేలమంది వివరాలతో 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పొగ మానేసిన ఐదేళ్లలోపే వాటిలో ఎక్కువభాగం ఎన్నడూ తాగనివారి స్థాయికి వచ్చేశాయి. కొన్ని గుర్తులు మాత్రం ముప్ఫై ఏళ్లకీ చెరగలేదు.

మరి తుప్పు పట్టకుండా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగితే సరిపోదా? ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూశారు. 1994లో ఫలితాలు వచ్చాయి. మాత్రలు వేసుకున్నవారిలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది! కాబట్టి అడ్డదారి లేదు. సిగరెట్టయినా బీడీ అయినా, ఎంత తొందరగా ఆర్పేస్తే తాళాలు సర్దుకోవడానికి ఒంటికి అంత సమయం దొరుకుతుంది.