బ్యాటరీ ఎన్ని గంటలు ఆదుకొనును?

పరీక్షల రోజులలో కరెంటు పోయినపుడు పఠన మందిరమునకు ఇన్వర్టరు బ్యాటరీయే ఆధారము. అది ఎంతసేపు నిలుచునో ముందుగా లెక్కించుటకు గుణకార భాగహారములు చాలును. అయితే పలువురు మొదటి మెట్టు వద్దనే ఆగిపోవుచున్నారు. కావున ఆ లెక్కను మేము ఇచట పూర్తిగా వివరింపదలచితిమి.

తిరిగి ఛార్జి చేయుటకు వీలగు సీసపు బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించెను. నేటి ఇన్వర్టరు బ్యాటరీలలో అనేకము ఆ జాతివే. అట్టి దానిపై "12 ఓల్టులు, 150 ఆంపియర్-గంటలు" అని ఉన్నదనుకొందము. రెంటిని హెచ్చించిన 1800 వాట్-గంటలు వచ్చును. ఇది మన మూలధనము.

ఇక ఖర్చు చూతము. 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నాలుగు, 75 వాట్ల ఫ్యాన్లు రెండు, మొత్తము 230 వాట్లు. 1800ని 230చే భాగించిన దాదాపు 8 గంటలు. ఈ జవాబును నమ్ముకొన్నవారు నడిరేయి చీకటిలో కూర్చొనవలసి వచ్చును.

దీనిలో మూడు తగ్గింపులు చేయవలెను. మొదటిది, ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగా మార్చుటలో కొంత శక్తి వేడిగా పోవును. నూటికి 80 వంతులే చేరుననుకొన్న 1440 మిగులును. రెండవది, సీసపు బ్యాటరీని అడుగంట వాడిన దాని ఆయువు క్షీణించును. నూటికి 70 వంతులతో సరిపెట్టుకొన్న 1008. మూడవది, 150 అను అంకె సాధారణముగా 20 గంటలపాటు, 7.5 ఆంపియర్ల చొప్పున మెల్లగా వాడినపుడు లభించునది. మన భారమునకు సుమారు 24 ఆంపియర్లు కావలెను. వేగముగా తోడిన కొలది చేతికి వచ్చునది తగ్గునని జర్మను శాస్త్రవేత్త పాయ్‌కర్ట్ 1897లో సూత్రీకరించెను. ఇందుకై ఐదవ వంతు తీసివేసిన సుమారు 800 మిగులును. అనగా మూడున్నర గంటలే.

ఇప్పుడు ఫ్యాన్లు రెండును ఆపి చూతము. భారము 80 వాట్లకు, ప్రవాహము సుమారు 8 ఆంపియర్లకు దిగును. మూడవ తగ్గింపు దాదాపు అక్కరలేదు. 1008ని 80చే భాగించిన 12 గంటలకు మించును. ఇన్వర్టరు తనకై వాడుకొను కొద్దిపాటి శక్తిని తీసినను రాత్రియంతయు దీపములు వెలుగును. ఉక్కపోతకు ఒక ఫ్యాను ఉంచుకొన్నను అయిదు గంటలు దాటును. రెండవ బ్యాటరీకి ధనము వెచ్చించుటకు ముందు కమిటీవారు ఆలోచింపదగిన విషయమిది.

బ్యాటరీ ఏటేట నీరసించును. కావున ప్రతి సంవత్సరము పరీక్షలకు ముందు దానిని నిండుగా ఛార్జి చేసి, ఎప్పటి భారమునే ఉంచి, ఇన్వర్టరు హెచ్చరిక మ్రోగువరకు పట్టిన కాలమును వ్రాసిపెట్టవలెను. కొన్ననాటి కాలముతో పోల్చిన, దానిని మార్చవలసిన సమయము మనకే తెలియును.