చదరంగమునందు దూరాలోచన



మన కర్నూలు, కడప మండలములలో రచ్చబండల మీఁదను, దేవాలయ మంటపముల బండల మీఁదను పులిమేక యాటకు గీఁతలు చెక్కియుండుట మీ రెఱుఁగుదురు. ఆ యాటలో పులులు 3, మేకలు 15. పులి దుముకును, మేకను మ్రింగును. మేకకు దుముకు శక్తి లేదు. ఐనను నేర్పరి చేతిలో మేకలే పులులను కట్టివేయును. ఏ మేకయు నొంటరి కాకుండునట్లును, మేక వెనుక చోటు వట్టిగా నుండకుండునట్లును మెల్లమెల్లగా వల పన్నుటయే యందలి రహస్యము. మేకల నాడించువాఁడు మొదటి మేకను పెట్టునపుడే చివరి కట్టును మనసునం దుంచుకొనును. ఈ దృష్టినే చదరంగమునందు దూరాలోచన యందురు. వృత్తిగా గాక వినోదమునకై యాడువాఁడు దాని నెట్లు సాధింపవచ్చునో నేఁడు విన్నవించెదను.

చదరంగపు నేర్పరులు ఇరువది యెత్తులు ముందుగా చూతురని లోకమున నొక ప్రతీతి కలదు. లెక్కించి చూచినచో నిది యెంత కష్టమో తెలియును. ఆట నడుమ నొక్కొక్క యెత్తునకు రమారమి 30 మార్గము లుండును. ఎదిరికి నట్లే 30. మనదొకటి, వానిదొకటి కలసిన 900. మఱియొక జత చేర్చిన 8,10,000. ఇన్నింటిని మనుష్యుఁడు తలలో నడపలేఁడు. కావున మంచి యాటగాఁడు దారులన్నియు వెదకఁడు. చేరవలసిన యూరు నిర్ణయించుకొని, అటు పోవు దారులను మాత్రమే పరిశీలించును. ఎత్తులను లెక్కించుట వేఱు, ఉపాయమును కల్పించుట వేఱు. మొదటిదానికి చుఱుకుదనము కావలయును. రెండవదానికి నిలుకడ కావలయును. రెండవది సామాన్యునకు కూడ సాధ్యమే.

ఉపాయమునకు పునాది బంటు. ఏనుఁగు పోయి తిరిగి రాఁగలదు. శకటు, గుఱ్ఱము, మంత్రి, రాజు కూడ మరలి రాఁగలరు. బంటు మాత్రము ముందుకే పోవును. వేసిన యడుగు వెనుకకు తీయలేము. అందుచేత బంట్ల వరుస యాట యంతటికి నేల వంటిది. ఇతర బలములు ఆ నేల మీఁద తిరుగు జనము.

ఒక యుదాహరణము. పెద్ద బలములన్నియు పోయినవనుకొనుఁడు. మీకు రాజు, 3 బంట్లు. ఎదిరికి రాజు, 3 బంట్లు. కుడి యంచున మీ రెండు బంట్లును వాని రెండు బంట్లును ఎదురెదురుగా నిలిచి యొండొంటి నడ్డుకొనుచున్నవి. వాని మూఁడవ బంటు నడుమ, మీ రాజునకు దగ్గఱగా నున్నది. మీ మూఁడవ బంటు ఎడమ యంచున, అడ్డు లేని దారిలో నున్నది. లెక్కకు సమానమే. కాని మీ యంచు బంటు కదలఁగానే దానిని పట్టుటకు వాని రాజు పరుగెత్తవలయును. లేకున్న నది చివరి గడి చేరి మంత్రి యగును. రాజు ఎత్తునకు గడియొకటి మాత్రమే నడచును. నాలుగు గడుల దూరము పోవుటకు 4 ఎత్తులు, మరలి వచ్చుటకు 4 ఎత్తులు. ఈలోపల మీ రాజు నడిమి బంటును కొట్టి కుడివైపునకు సాగి, కావలి లేని బంట్లను పట్టుకొనును. ఆట మీదే.

ఈ గెలుపు ఎప్పుడు పుట్టినది? చివరి పది యెత్తులలో పుట్టలేదు. అంతకు చాల మునుపు, మంత్రులును ఏనుఁగులును పలకపై నున్నపుడే, ఏ బంటుతో నే బంటును కొట్టవలయునని మీరు యోచించిన నాఁడు పుట్టినది. ఎడమ యంచు బంటును కాపాడి, దాని కెదురుగా నున్నదానిని తొలఁగించిననాఁడే గింజ పడినది. క్యూబా దేశీయుఁడును, 1921 మొదలు 1927 వఱకు ప్రపంచవిజేతయు నగు కాపబ్లాంకా, ఆట చివరి ఘట్టమును మొదట నేర్చుకొనవలయునని బోధించినది ఇందుకే.

ఆ కాపబ్లాంకాను 1930-31 హేస్టింగ్సు పోటీలో ఓడించినవాఁడు మన యుపఖండపు పల్లెలోని వాఁడు. పంజాబు ప్రాంతమునకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్, ఉమర్ హయాత్ ఖాన్ అను భూస్వామి కొలువులో నుండి, ఆయనతో 1929లో ఇంగ్లండు చేరెను. ఆ సంవత్సరమే బ్రిటిషు విజేతయై, మరల 1932లోను 1933లోను ఆ బిరుదము గెలిచెను. బాల్యమున నాతఁడు నేర్చినది మన దేశపు పద్ధతి. ఆ పద్ధతిలో బంటు తొలి యెత్తున రెండు గడులు దాఁటదు. ఒక్కొక్క గడియే నడచును. అందుచే బలములు తాఁకుటకు ముందు వరుసలు తీర్చుకొను కాలము ఎక్కువ. ఐరోపా పద్ధతిలో తొలి యెత్తులయందు సుల్తాన్ ఖాన్ తడఁబడినను, నడుమ నిలద్రొక్కుకొని, కొంచెము కొంచెముగా స్థానబలము పెంచి, చివరి ఘట్టమున నోర్పుతో గెలుచుచుండెను. 1933లో స్వదేశమునకు మరలి, 1966లో మరణించెను. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 2024లో నాతనికి మరణానంతరము గౌరవ గ్రాండుమాస్టరు పదవి నిచ్చినది.

మన తెలుగువారికి చేరువైన నిదర్శన మొకటి కలదు. 1828-29 ప్రాంతమున చెన్నపట్టణపు వారికిని హైదరాబాదు వారికిని నడుమ రెండు చదరంగపు టాటలు జరిగినవి. రెండు పక్షములును ఒకచోట కూర్చుండలేదు. ఎవరి యూర వారుండియే యెత్తులు పంపుకొనిరి. చెన్నపట్టణపు పక్షమున ముఖ్యముగా నడపినవాఁడు గులాం కాసిం. ఆయనయు జేమ్సు కాక్రేను అను దొరయు కలసి యా యాటలను వివరించి 1829లో చెన్నపట్టణమున గ్రంథముగా ముద్రించిరి. ఆ రెండు పట్టణముల నడుమ దూర మెంతటిదో యేనుఁగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రము చదివినవారికి తెలియును. 1830లో నాయన చెన్నపట్టణము విడిచి తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీఁదుగా హైదరాబాదు చేరెను. రైలు గాని తంతి గాని లేని యా దినములలో ఎత్తు పంపినవాఁడు ప్రత్యుత్తరమునకై వేచియుండవలసినదే. తొందరకు చోటు లేదు. అట్టి యాటలో నిలుచునది ఉపాయము గలవాఁడే.

ఉపాయమును కల్పించుటకు సామాన్యుఁడు పలక చూచి మూఁడు ప్రశ్నలు వేసికొన్న చాలును. మొదటిది: ఇందు మాఱనిది యేది? బంట్ల వరుసలో నెవరికి శాశ్వతమైన లోప మున్నది? రెండవది: నా బలములలో పని లేక నిలిచినది యేది? మూల నున్న యేనుఁగును తెఱపి దారికి తెచ్చుట పెక్కుసారులు దాడి కంటె మేలు. మూఁడవది: ఎదిరి యేమి కోరుచున్నాఁడు? వాని యుపాయమును అడ్డుకొనుట కూడ మన యుపాయములో భాగమే.

సాధనమునకును లక్ష్యమునకును పొందిక యుండవలయును. దీనికి మన కడప మండలములోని పోరుమామిళ్ల చెఱువు శాసనమే గురువు. బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు, భవదూరుఁడని నామాంతరము గలవాఁడు, 1369 నాఁటి యా శాసనమునందు చెఱువునకు 12 అంగములును 6 దోషములును చెప్పించెను. రెండేండ్లు దినమునకు 1000 మంది కూలీలును 100 బండ్లును పనిచేసినట్లు అందున్నది. దోషములలో రెండు ముఖ్యముగా గమనింపఁదగినవి: కొంచెము నీరు, విస్తారమైన భూమి యొకటి, కొంచెము భూమి, విస్తారమైన నీరు మఱియొకటి. చదరంగమునందు రెండు బలములతో కోట ముట్టడింపఁబోవుట మొదటి దోషము. బలములన్నియు నొక్క చిన్న బంటుపై పోగుచేయుట రెండవ దోషము.

ఐతే ఉపాయము మూర్ఖపు పట్టు కారాదు. ఎదిరి యొక యెత్తు వేసినపుడెల్ల నేల మాఱినదా యని చూడవలయును. మాఱనిచో నడువవలయును, మాఱినచో దారి మార్చుకొనవలయును. వాఁడు తప్పు చేయునను నాశపై నిర్మించిన యుపాయము ఉపాయమే కాదు. వాఁడు చక్కగా నాడినను మన స్థితి చెడనిదియే మంచి యుపాయము.

ఈ విద్య పలకతో ముగియదు. మన సీమలో వాన చాలని యేఁడు వచ్చినచో నొక బోరుబావి యెండఁగానే యప్పు చేసి మఱియొకటి, అది యెండఁగానే ఇంకొకటి వేయించి, పొలమే కోల్పోయిన కుటుంబములు మీ యూళ్లలో నున్నవి. ప్రతి యెత్తు ఆ దినమునకు సరిగనే తోఁచినది. చివర నేమగునని యడిగినవారు లేరు. అప్పు బంటు వంటిది, వెనుకకు రాదు. నఱికిన చెట్టు, పూడనిచ్చిన చెఱువు నట్టివే. వీనిని గుఱించి గ్రామము మాట యడుగునది మిమ్మే. కనుక సాయంకాలము అరుగు మీఁద పలక పఱచి, మనుమని నెదుటఁ గూర్చుండఁబెట్టుకొని, వాఁడు బంటుపై వ్రేలు పెట్టినపుడు ఒక్క మాట యడుగుఁడు: దీనిని మరలఁ దీయలేవు గదా, ఇది యెక్కడికి పోవలెనని నీ తలంపు? ఆ ప్రశ్న కలవాటుపడిన బాలుఁడు పెద్దవాఁడై పొలము గట్టున నిలిచినపుడును దానిని మఱువఁడు.