మొరం గుంత ప్రణాళిక: సవరణలో చూడాల్సింది ఏమిటి?

జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో చాలాచోట్ల నేల కింద గ్రానైట్, నైస్ శిలలు ఉన్నాయి. లక్షల ఏళ్లుగా ఎండా వానా తగిలి ఆ రాయి పైభాగం శిథిలమై మొరంగా మారింది. రోడ్డు కట్టలకూ, ఇళ్ల పునాదులు నింపడానికీ టిప్పర్లలో తరలిపోయేది అదే. మొరం కింద సగం మెత్తబడిన రాయి, దాని కింద పగుళ్లున్న గట్టి బండ ఉంటాయి. ఈ పొరల మందం చెలక చెలకకూ మారుతుంది. అందుకే లీజు నాడు గీసిన పటం కొన్నాళ్లు తవ్వేసరికి నేలతో సరిపోలదు. ఒక మూల నాలుగు మీటర్లకే బండ తగులుతుంది, మరో మూల ఊట మొదలవుతుంది. తవ్వకం ప్రణాళికను సవరించాల్సిన అవసరం ఇక్కడే పుడుతుంది.

ముందుగా పరిమాణం లెక్క. ఒక హెక్టారు చదరాన్ని ఆరు మీటర్ల లోతు నిట్టనిలువుగా తవ్వితే 60,000 ఘనపు మీటర్ల మొరం వస్తుందని కాగితం చెబుతుంది. అంత రాదు, రాకూడదు. లీజు సరిహద్దు పొడవునా సాధారణంగా 7.5 మీటర్ల పట్టీ వదులుతారు. 1961 నాటి లోహ గనుల నియమావళి ప్రకారం మొరం, గ్రావెల్ వంటి వదులు నేలలో గుంత అంచు వాలు 45 డిగ్రీలు దాటకూడదు. లేదంటే మెట్లుగా తవ్వాలి, మెట్టు ఎత్తు 1.5 మీటర్లకు మించకూడదు, వెడల్పు ఆ ఎత్తుకు తగ్గకూడదు. పట్టీ వదిలి, 45 డిగ్రీల వాలు ఉంచితే అదే హెక్టారులో దొరికేది సుమారు 37,500 ఘనపు మీటర్లే. మిగతా మొరం అంచులు కూలకుండా, పక్క పొలం జారకుండా కాపలా కాస్తుంది. ఉత్పత్తి పెంచుతూ వచ్చే సవరణలో మొదట పరీక్షించాల్సింది ఈ తేడానే.

అంతకన్నా ముఖ్యమైనది నీరు. గ్రానైట్ నేలల్లో వాన నీరు ప్రధానంగా నిలిచేది ఈ శిథిల పొరలోనే. కింది బండలోని పగుళ్లకు, వాటి మీద ఆధారపడ్డ బోర్లకు నీరు అందేది కూడా చాలావరకు ఈ పొర నుంచే. కాబట్టి మొరం తీయడమంటే ఊరి నీటి నిల్వలో కొంత భాగాన్ని లారీకెక్కించడమే. ఊట పైకి తేలితే నష్టం ఇంకా పెరుగుతుంది. భూమిలో దాగి ఉండాల్సిన నీరు ఎండకు ఆవిరైపోతుంది. ప్రణాళికలో గుంత అడుగు మట్టాన్ని వేసవి నీటిమట్టంతో పోల్చి చూపితే ఆ లెక్క తప్పు. వానాకాలం ముగిశాక, చుట్టుపక్కల బావుల్లో నీరు అన్నిటికన్నా పైన ఉన్నప్పుడు కొలిచి, అడుగును దానికన్నా ఎత్తులోనే ఆపాలి. చెరువులోకి వాగు నీరు చేరే దారిలో గుంత పడితే ఆ నీటిని మళ్లించే కట్టు కాలువ కూడా పటంలో కనిపించాలి.

ఇక పునరుద్ధరణ. మొరం బయటికి వెళ్లిపోయింది కనుక గుంతను పూర్తిగా నింపడానికి మట్టి ఉండదు. చెత్తతో నింపితే దాని మురుగు నేరుగా భూగర్భ జలంలోకి దిగుతుంది, ఆ దారి అసలు పట్టకూడదు. చేయగలిగేది అంచులను పశువు దిగి ఎక్కగలిగేంత వాలుగా సరిచేయడం, టిప్పర్ల బరువుకు గట్టిపడిన అడుగును దున్ని వదులు చేయడం, మొదటి రోజే విడిగా తీసి తక్కువ ఎత్తు కుప్పలుగా దాచిన పైమట్టిని తిరిగి పరచడం. ఆ పైమట్టిలోనే విత్తనాలు, సూక్ష్మజీవులు ఉంటాయి. దాన్ని మొరంతో కలిపి అమ్మేస్తే తర్వాత నాటిన మొక్క నిలవడం కష్టం. నత్రజనిని స్థిరీకరించే స్టైలో గడ్డి, కానుగ ముందు పెరిగితే మిగతా చెట్లకు చోటు దొరుకుతుంది. తవ్వకం ముగిసిన మూలలో ఈ పని వెంటనే మొదలవ్వాలి. చివరి ఏడాదికి వాయిదా వేసిన పునరుద్ధరణ జరగదు.

చట్టం వైపు కొన్ని గీతలు స్పష్టంగా ఉన్నాయి. 2025 వరకు అమల్లో ఉన్న 1952 గనుల చట్టం మొరం గుంతలను చాలా నిబంధనల నుంచి మినహాయించింది. అయితే లోతు ఆరు మీటర్లు, పనివారు 50 మంది దాటకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు అన్నవి దాని షరతులు. ఆరును ఎనిమిది చేసే సవరణతో ఆ మినహాయింపు పోయేది. 5 హెక్టార్లలోపు చిన్న ఖనిజ లీజులకూ పర్యావరణ అనుమతి కావాలని సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. రోడ్ల వంటి పనులకు తీసే సాధారణ మట్టికి 2020లో కేంద్రం ఇచ్చిన మినహాయింపును అదే కోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం చిన్న ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి.

భూపాలపల్లిలో సింగరేణి తవ్వే బొగ్గుకు మరో కట్టడి ఉంది. 2009 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఉపరితల గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున, అప్పటి ధరల్లో లెక్కగట్టి, మూసివేత ఖర్చును ఎస్క్రో ఖాతాలో ఏటా జమ చేయమన్నాయి. మొరం లీజులోనూ లోతో విస్తీర్ణమో పెరిగిన ప్రతిసారీ మూసివేత ఖర్చును తిరిగి లెక్కగట్టి, ఆ సొమ్మును ముందే జమ చేయించాలి. అది లేని సవరణను ఆమోదించకూడదు.