పెరట్లోనే తొలి బడి

"అమ్మా, పువ్వులన్నీ రాలిపోతున్నాయి. కాయ ఒక్కటీ లేదు!"

2018 వానాకాలంలో, నాలుగో తరగతి చదివే మా అబ్బాయి ఆనపపాదు కింద నిలబడి ఏడుపు మొహం పెట్టాడు. మాది పలాస దగ్గర ఉద్దానం. జూన్‌లో వాడి చేతే పది గింజలు పెట్టించాను. ఏడు మొలిచాయి. లెక్కలంటే పారిపోయే పిల్లాడు ప్రతి ఆదివారం తీగకు స్కేలు పెట్టి కొలిచి, నోటుబుక్కులో రాసుకునేవాడు.

నేను చదివింది ఇంటర్మీడియెట్ వరకే. అయినా ఆ రోజు టీచరమ్మనయ్యాను. వట్టి కాడ మీద పూసేది మగపువ్వు, అది రాలిపోతుంది. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. చీకట్లో తిరిగే సీతాకోకచిలుకల్లాంటి పురుగులు పుప్పొడి మోస్తాయి. దీపాలు పెట్టే వేళ మగపువ్వు కోయించి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయించాను. నాలుగు రోజులకు పిందె లావెక్కింది. "నేనే కాయించాను" అని వీధంతా చెప్పొచ్చాడు. ఆనపకాయంటే కంచం తోసేసేవాడు పులుసు రెండోసారి వేయించుకున్నాడు!

అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలే నేలకొరిగాయి. ఇక మా పందిరెంత? కూలిన చెట్లు చూసి మా ఆయన అరుగు మీద కూర్చుండిపోయారు. ఎవరికీ మాట రాలేదు. మధ్యాహ్నం మా వాడు విత్తనానికని ఉంచిన ముదురుకాయను బురదలోంచి ఏరుకొచ్చి, "నానమ్మా, అటక మీద పెట్టు. మళ్లీ వేద్దాం" అన్నాడు. సంక్రాంతి వెళ్లాక ఆ గింజలే పెట్టాం. ఆ వారంలోనే మా ఆయనా కొబ్బరిమొక్కలకు గోతులు తవ్వడం మొదలెట్టారు.

జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1840లో చిన్నపిల్లల బడికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని దానర్థం. అక్కడ పిల్లలకు సొంత మడులు ఉండేవి. ఎందుకో నాకు అప్పుడర్థమైంది.

మీరూ పిల్లలకు తలో మొక్క అప్పగించండి. పెరడు లేకపోతే పాత బకెట్ అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి మెంతులు చల్లించండి. మూడు నాలుగు రోజుల్లోనే మొలకలు కనిపిస్తాయి. పసివాళ్లకు ఓపిక తక్కువ కదా! తీగ ఆకులను పురుగు కొరికితే పొద్దున్నే పొయ్యిబూడిద చల్లమనండి. నీళ్లు పోయడం మరిచిపోతే మాత్రం మీరు చాటుగా పోసేయకండి. ఒక మొక్క వాడినా ఫరవాలేదు, రెండోదాన్ని వాళ్లే కాపాడుకుంటారు.